రిచర్డ్ కూరాంట్

రిచర్డ్ కూరాంట్ (1888 జనవరి 8 - 1972 జనవరి 27) జర్మనీలో పుట్టి, అక్కడే పేరు తెచ్చుకుని, నాజీల కాలంలో ఉద్యోగం పోగొట్టుకుని అమెరికాలో స్థిరపడిన గణిత శాస్త్రవేత్త. న్యూయార్కు విశ్వవిద్యాలయంలోని కూరాంట్ గణిత శాస్త్ర సంస్థకు ఈయన పేరే పెట్టారు. గణిత విద్యార్థులకు ఈయన డేవిడ్ హిల్బర్ట్‌తో కలిసి వెలువరించిన గణిత భౌతిక శాస్త్ర గ్రంథం ద్వారా, సామాన్య పాఠకులకు 1941లో వచ్చిన వాట్ ఈజ్ మ్యాథమేటిక్స్ అనే పుస్తకం ద్వారా పరిచితుడు. ఇంజనీర్లకు మాత్రం కూరాంట్ అంటే ముందుగా ఒక సంఖ్య. గాలి, నీరు, వాయువుల ప్రవాహాన్ని కంప్యూటరు మీద లెక్కగట్టే వారెవరైనా తమ లెక్కలో కూరాంట్ సంఖ్య ఎంత ఉందో చూసుకోక తప్పదు. కారు ఇంజనును తయారు చేయకముందే దాని పనితీరును అంచనా వేసే సాఫ్టువేర్లలో లెక్క ఒక్కొక్క అడుగుకు ఎంత కాలం ముందుకు జరగవచ్చో నిర్ణయించేది ఈ సంఖ్యే. దీనికి మూలమైన పరిశోధన వ్యాసం 1928లో వెలువడింది. అప్పటికి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు లేవు. ఆ వ్యాసాన్ని రాసిన ముగ్గురికీ కంప్యూటరు గాని, ఇంజను గాని దృష్టిలో లేవు.

బాల్యం, చదువు

కూరాంట్ ఎగువ సైలీషియాలోని లుబ్లినిట్జ్ అనే చిన్న పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పట్లో జర్మన్ సామ్రాజ్యంలో ఉన్న ఈ ఊరు తరువాత పోలండులో చేరి లుబ్లినియెట్స్ అయింది. తండ్రికి వ్యాపారంలో కలసి రాలేదు. కుటుంబం గ్లాట్జ్‌కు, అక్కడి నుండి బ్రెస్లౌ నగరానికి మారింది. కూరాంట్ ఉన్నత పాఠశాలలో ఉండగానే తోటి పిల్లలకు ట్యూషన్లు చెప్పి సంపాదించడం మొదలుపెట్టాడు. తల్లిదండ్రులు బెర్లిన్‌కు వెళ్ళిపోయినా తాను బ్రెస్లౌలోనే ఉండి, ట్యూషన్ల డబ్బుతోనే చదువు సాగించాడు. ఎవరి దగ్గర ఏ సాయం దొరుకుతుందో కనిపెట్టి పని జరిపించుకునే నేర్పు ఆయనకు జీవితాంతం ఉంది. ఆ నేర్పు ఈ రోజుల్లోనే అలవడి ఉండాలి.

బ్రెస్లౌ విశ్వవిద్యాలయంలో చేరిన తరువాత కొంతకాలం జూరిచ్‌లో అడాల్ఫ్ హుర్విట్జ్ పాఠాలు విన్నాడు. 1907లో గొట్టింగెన్ చేరుకున్నాడు. ఆనాడు గొట్టింగెన్ ప్రపంచ గణితానికి రాజధాని వంటిది. ఫెలిక్స్ క్లెయిన్, హిల్బర్ట్, మింకోవ్‌స్కీ, కార్ల్ రుంగె అందరూ అక్కడే ఉండేవారు. 1908లో కూరాంట్ హిల్బర్ట్‌కు సహాయకుడయ్యాడు. 1910లో డిరిక్లే సూత్రం మీద రాసిన సిద్ధాంత వ్యాసానికి డాక్టరేటు పొందాడు. ఒక వలయం మీద బిగించిన సబ్బు పొర తన వైశాల్యం అతి తక్కువగా ఉండే ఆకారాన్ని తీసుకున్నట్లే, కొన్ని అవకలన సమీకరణాల సాధనలు ఏదో ఒక రాశిని కనిష్ఠం చేస్తాయని ఈ సూత్రం సారాంశం. రీమాన్ దీనిని నమ్మి వాడుకున్నాడు, వైయెర్‌స్ట్రాస్ దీని నిరూపణలోని లోటును ఎత్తి చూపాడు, హిల్బర్ట్ దీనిని తిరిగి నిలబెట్టాడు. కూరాంట్ జీవితమంతా ఈ సూత్రం వద్దకు తిరిగి తిరిగి వస్తూనే ఉన్నాడు.

యుద్ధం, వివాహాలు

1912లో నెల్లీ నాయ్‌మన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కూడా బ్రెస్లౌలో గణితంలో డాక్టరేటు పొందిన విదుషి. ఈ వివాహం 1916లో విడాకులతో ముగిసింది. ఆమె తరువాత నాజీల మారణకాండలో 1942లో ప్రాణాలు కోల్పోయింది. తత్వవేత్తగా పేరు పొంది, క్రైస్తవ సన్యాసినిగా మారిన ఈడిత్ స్టైన్ కూరాంట్‌కు మేనత్త కూతురు. ఆమెను కూడా అదే సంవత్సరం ఔష్‌విట్జ్‌లో చంపారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కూరాంట్ జర్మన్ సైన్యంలో పనిచేసి 1915లో గాయపడ్డాడు. కందకాల మధ్య పరచిన టెలిఫోను తీగలు ఫిరంగి గుండ్లకు మాటిమాటికీ తెగిపోతూ ఉండేవి. తీగ అవసరం లేకుండా నేల గుండానే సంకేతాలు పంపే పరికరాన్ని తయారు చేయించి సైన్యంలో ప్రవేశపెట్టడంలో ఆయన పాత్ర ఉంది. యుద్ధం ముగిశాక 1919లో కార్ల్ రుంగె కుమార్తె నెరీనాను పెళ్ళాడాడు. ఈమెను అందరూ నీనా అనేవారు.

ఈ మామా అల్లుళ్ళ సంబంధాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాలంతో మారే రాశులను చిన్న చిన్న అడుగులుగా లెక్కగట్టే రుంగె-కుట్టా పద్ధతికి 1895లో పునాది వేసినవాడు రుంగె. దానిని 1901లో కుట్టా పూర్తి చేశాడు. సిలిండరులోని పీడనం, ఉష్ణోగ్రత పిస్టను కదలికతో ఎలా మారుతాయో చెప్పే సమీకరణాలకు ఇటువంటి పద్ధతులు సరిపోతాయి. సిలిండరుకు తగిలించిన గొట్టాలలో గాలి అలలు ఎలా పరుగెడతాయో లెక్కించాలంటే మాత్రం అల్లుడి షరతు కావాలి. ఒకే ఇంట కూర్చుని భోజనం చేసిన ఇద్దరి పనీ ఇలా ఒకే సాఫ్టువేరులో పక్కపక్కన పనిచేస్తున్నది.

గొట్టింగెన్‌లో సంస్థ నిర్మాణం

కొద్దికాలం మ్యూన్‌స్టర్‌లో పనిచేసిన తరువాత 1920లో కూరాంట్ ఆచార్యుడిగా గొట్టింగెన్‌కు తిరిగి వచ్చాడు. ఫెర్డినాండ్ స్ప్రింగర్ అనే ప్రచురణకర్తతో స్నేహం చేసి 1921 నుండి పసుపు పచ్చని అట్టలతో వెలువడిన గణిత గ్రంథమాలను నడిపించాడు. హిల్బర్ట్ ఉపన్యాసాల ఆధారంగా గణిత భౌతిక శాస్త్ర పద్ధతుల గ్రంథం మొదటి సంపుటాన్ని 1924లో వెలువరించాడు. ఆ మరుసటి సంవత్సరాల్లో క్వాంటం యాంత్రిక శాస్త్రం పుట్టినప్పుడు, భౌతిక శాస్త్రవేత్తలకు సరిగ్గా కావలసిన గణితం ఆ పుస్తకంలో సిద్ధంగా దొరికింది. రెండవ సంపుటం రావడానికి 1937 దాకా పట్టింది.

అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన సొమ్ముతో గణిత సంస్థకు కొత్త భవనం 1929లో పూర్తయింది. శుద్ధ గణితం, అనువర్తిత గణితం ఒకే కప్పు కింద ఉండాలనేది క్లెయిన్ ఆశయం. దానిని ఆచరణలో పెట్టినవాడు కూరాంట్.

1928 నాటి వ్యాసం

కుర్ట్ ఫ్రీడ్రిక్స్, హాన్స్ లేవీ ఇద్దరూ కూరాంట్ వద్ద పనిచేసిన యువకులు. ముగ్గురూ కలిసి రాసిన వ్యాసం మథమాటిషె అనాలెన్ పత్రిక నూరవ సంపుటంలో అచ్చయింది. దాని విషయం గణిత భౌతిక శాస్త్రంలోని పాక్షిక భేద సమీకరణాలు. శబ్దం, ఉష్ణం, విద్యుత్తు వంటి వాటిని వర్ణించే పాక్షిక అవకలన సమీకరణాలలో స్థలం, కాలం అవిచ్ఛిన్నంగా ఉంటాయి. వాటికి బదులు స్థలాన్ని, కాలాన్ని గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడి వద్ద మాత్రమే విలువలు తీసుకుంటే కూడికలు, తీసివేతలతో సాధించగల మామూలు సమీకరణాలు వస్తాయి. గళ్ళను క్రమంగా చిన్నవి చేసుకుంటూ పోతే అసలు సాధన దొరుకుతుందా అన్నది వారి ప్రశ్న. సమీకరణానికి సాధన ఉన్నదని నిరూపించడానికి ఇది ఒక మార్గమని వారు భావించారు. అంకెలు వేసి జవాబు రాబట్టాలన్నది వారి ఉద్దేశం కాదు.

సబ్బు పొర వంటి నిశ్చల స్థితిని చెప్పే సమీకరణాలకు గళ్ళు ఎలా చిన్నవైనా ఇబ్బంది రాలేదు. అలలను వర్ణించే సమీకరణాల దగ్గరకు వచ్చేసరికి ఊహించని అడ్డంకి ఎదురైంది. కాలపు అడుగుకు, స్థలపు గడికి మధ్య ఉండే నిష్పత్తి ఒక హద్దు దాటితే, గళ్ళను ఎంత సన్నం చేసినా జవాబు సత్యానికి దగ్గర కాలేదు.

కారణం సులభంగానే చెప్పవచ్చు. ఒకే బాట మీద వరుసగా ఉన్న ఊళ్ళను ఊహించుకోవాలి. బాట వెంట వార్త గంటకు రెండు ఊళ్ళ చొప్పున ప్రయాణిస్తుంది. ఒక ఊరివాళ్ళు గంటకొకసారి ఇరుపక్కల ఊళ్ళను మాత్రమే అడిగి తమ ఊరికి ఏ వార్త వస్తుందో చెప్పడానికి ప్రయత్నిస్తారు. గంట తరువాత తమకు చేరబోయే వార్త ప్రస్తుతం రెండు ఊళ్ళ అవతల ఉంది. వారు అడిగింది పక్క ఊరినే కాబట్టి ఆ వార్త వారికి తెలిసే అవకాశమే లేదు. ఎంత జాగ్రత్తగా లెక్క కట్టినా చెప్పేది తప్పే అవుతుంది. అరగంటకొకసారి అడిగితే సరిపోతుంది. గణిత పరిభాషలో చెప్పాలంటే, ఒక బిందువు వద్ద నిజమైన సాధన ఏ ప్రాంతం మీద ఆధారపడుతుందో ఆ ప్రాంతమంతా లెక్కలో వాడిన గళ్ళ పరిధిలో ఇమిడి ఉండాలి. దీనినే ముగ్గురి పేర్ల మీద కూరాంట్-ఫ్రీడ్రిక్స్-లేవీ షరతు అని, క్లుప్తంగా సి.ఎఫ్.ఎల్. షరతు అని పిలుస్తారు. అల వేగాన్ని కాలపు అడుగుతో గుణించి గడి పొడవుతో భాగిస్తే వచ్చేది కూరాంట్ సంఖ్య. పక్క గళ్ళను మాత్రమే చూసి ముందడుగు వేసే సామాన్య పద్ధతులలో అది ఒకటిని మించకూడదు.

ఈ షరతు ఆవశ్యకమే గాని పర్యాప్తం కాదు. అంటే దీనిని పాటించనంత మాత్రాన లెక్క తప్పకుండా చెడిపోతుంది, పాటించినంత మాత్రాన బాగుపడుతుందన్న హామీ లేదు. పాఠ్యపుస్తకాలలో కూడా ఈ తేడా అప్పుడప్పుడు మరుగున పడుతుంది.

బహిష్కరణ

1933 ఏప్రిల్‌లో హిట్లర్ ప్రభుత్వం యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించే చట్టం తెచ్చింది. యుద్ధంలో పోరాడిన వారికి అందులో మినహాయింపు ఉంది. గాయపడిన మాజీ సైనికుడు గనుక తన జోలికి రారని కూరాంట్ కొంతవరకు నమ్మాడు. ఏప్రిల్ చివరి వారంలో గొట్టింగెన్‌లో సెలవు మీద పంపిన ఆచార్యుల పేర్లు పత్రికలలో వచ్చాయి. మాక్స్ బార్న్, ఎమ్మీ నోథర్‌లతో పాటు కూరాంట్ పేరు కూడా ఆ జాబితాలో ఉంది. యుద్ధానంతరం సైనికుల మండలికి ఎన్నిక కావడం, సోషల్ డెమోక్రాట్లతో సంబంధాలు ఆయనకు వ్యతిరేకంగా పనిచేశాయి. సహచరులు ఆయన తరఫున విజ్ఞప్తి చేశారు గాని ఫలితం లేదు. నాలుగేళ్ళ క్రితం తాను కట్టించిన భవనంలోనే ఆయనకు చోటు లేకుండా పోయింది. లేవీ అదే సంవత్సరం దేశం విడిచి వెళ్ళాడు. ఫ్రీడ్రిక్స్ యూదుడు కాకపోయినా యూదు యువతిని ప్రేమించినందున 1937లో వెళ్ళిపోవలసి వచ్చింది. 1928 నాటి వ్యాసకర్తలు ముగ్గురూ అమెరికాలో తేలారు.

న్యూయార్కులో రెండవ సంస్థ

ఒక సంవత్సరం కేంబ్రిడ్జిలో గడిపిన తరువాత కూరాంట్ 1934లో న్యూయార్కు విశ్వవిద్యాలయంలో చేరాడు. ప్రిన్స్‌టన్, హార్వర్డు వంటి చోట్లతో పోలిస్తే అక్కడ గణిత పరిశోధన దాదాపు లేనట్లే. సుమారు నలభై ఆరేళ్ళ వయసులో, పరాయి భాషలో, మొదటి నుండి మళ్ళీ ప్రారంభించాడు. పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రం చదువుకునే న్యూయార్కు యువకులలో ఎంతో ప్రతిభ ఉందని గ్రహించి వారినే చేరదీశాడు. ఫ్రీడ్రిక్స్‌ను, యాంత్రిక శాస్త్రం తెలిసిన జేమ్స్ స్టోకర్‌ను తెచ్చుకున్నాడు. ఈ బృందం కొన్నేళ్ళు ఒకప్పుడు టోపీల కర్మాగారంగా ఉన్న భవనంలో నడిచింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో వారెన్ వీవర్ ఆధ్వర్యంలోని అనువర్తిత గణిత బృందం కోసం వీరు విస్ఫోటనాలు, ఆఘాత తరంగాలు, జెట్ నాజిళ్ళ ప్రవాహం వంటి సమస్యల మీద పనిచేశారు. అప్పుడు తయారైన నివేదిక పెరిగి, 1948లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్‌ల పేరుతో సూపర్‌సోనిక్ ఫ్లో అండ్ షాక్ వేవ్స్ అనే గ్రంథంగా వెలువడింది. ఇది ఎక్కువగా విమానాల వారి పుస్తకమని పేరుపడింది. అయితే అందులోని మొదటి భాగాలు పిస్టను తోస్తే గొట్టంలో వాయువు ఎలా కదులుతుందన్న ప్రశ్న చుట్టూ అల్లుకున్నవే. ఇంజను వాయుగతి శాస్త్రం చదివేవారికి అంతకంటె మంచి ప్రారంభం లేదు.

1952లో యూజీన్ ఐజాక్సన్, మీనా రీస్‌లతో కలిసి కూరాంట్ మరొక వ్యాసం ప్రచురించాడు. వాయువులోని వార్త ఏ దిక్కు నుండి వస్తున్నదో గమనించి, ఆ దిక్కున ఉన్న గళ్ళ విలువలనే వాడాలని ఇందులోని ఆలోచన. గాలి వీచే వైపు చూసి లెక్కించే ఈ పద్ధతులను తరువాత అప్‌విండ్ పద్ధతులన్నారు. ఈసారి లక్ష్యం నిరూపణ కాదు, గణనే. 1953లో అమెరికా అణుశక్తి సంఘం ఒక యూనివాక్ కంప్యూటరును న్యూయార్కు విశ్వవిద్యాలయంలో ప్రతిష్ఠించింది. పావు శతాబ్దం కిందటి షరతు ఆ యంత్రం మీద నిత్యావసరమైంది.

త్రిభుజాల పద్ధతి

కూరాంట్ 1941లో అమెరికా గణిత సంఘానికి ఇచ్చిన ఉపన్యాసం 1943లో అచ్చయింది. దాని చివర అనుబంధంగా ఒక చిన్న ఉదాహరణ ఉంది. మెలిపెట్టిన కడ్డీ ఎంత బిగువుగా ఎదురు తిరుగుతుందో కనుగొనడానికి, దాని అడ్డుకోతను త్రిభుజాలుగా విభజించి, ఒక్కొక్క త్రిభుజంలో సాధన చదునైన పలక వంటిదని భావించి, డిరిక్లే సూత్రంలో వలె శక్తిని కనిష్ఠం చేశాడు. ఆ వ్యాసాన్ని అప్పట్లో ఇంజనీర్లు పట్టించుకోలేదు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ విమాన నిర్మాణం కోసం ఇదే దారిని స్వతంత్రంగా కనుగొన్నారు. 1960లో క్లఫ్ దీనికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అని పేరు పెట్టాడు. క్రాంక్ షాఫ్టు, కనెక్టింగ్ రాడ్డు, సిలిండరు హెడ్డు ఎక్కడ పగులుతాయో ముందే చూసుకోవడానికి కారు పరిశ్రమ వాడేది ఈ పద్ధతినే. కూరాంట్ మాత్రం ఆ ఉదాహరణను మళ్ళీ ముట్టుకోలేదు.

ఇంజను సాఫ్టువేరులో కూరాంట్ షరతు

ఇంజనుకు గాలి పీల్చే గొట్టం, పొగ వదిలే గొట్టం కేవలం దారులు కావు. ఎగ్జాస్టు వాల్వు తెరుచుకోగానే సిలిండరులోని అధిక పీడనం ఒక అలగా గొట్టంలోకి దూకుతుంది. గొట్టం తెరిచి ఉన్న చివర తగిలి అది చూషణ అలగా మారి వెనక్కు వస్తుంది. సరైన సమయానికి వాల్వు దగ్గరకు చేరితే మిగిలిన పొగను లాగివేసి కొత్త గాలికి చోటు చేస్తుంది. తప్పు సమయానికి చేరితే ఇంజను శక్తి తగ్గుతుంది. ఉదాహరణకు గొట్టం పొడవు 80 సెంటీమీటర్లు, అల వేగం సెకనుకు 550 మీటర్లు అనుకుంటే, అల పోయి రావడానికి దాదాపు 2.9 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లోపల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే క్రాంకు దాదాపు 105 డిగ్రీలు తిరుగుతుంది, 3000 చుట్లయితే 52 డిగ్రీలే. ఒక వేగానికి అచ్చివచ్చిన గొట్టం మరొక వేగానికి అచ్చిరాకపోవడానికి ఇదే కారణం. గొట్టాల పొడవులను కోసి, అతికి, పరీక్షించి నిర్ణయించడం ఖర్చుతో కూడిన పని. అందుకే దానిని లెక్కతో తేల్చాలనే ప్రయత్నం.

1940లలో స్విట్జర్లాండు ఇంజనీర్లు ఈ అలలను కాగితం మీద గీతలు గీసి అనుసరించేవారు. రీమాన్ 1860లో చూపిన లక్షణరేఖల పద్ధతికి అది చేతి రూపం. ఇంగ్లండులో రోలాండ్ బెన్సన్ సహచరులతో కలిసి 1964లో దీనిని కంప్యూటరుకు ఎక్కించాడు. స్థిరమైన గళ్ళ మీద లక్షణరేఖలను వెనక్కు గీసి, అవి ఎక్కడ తాకుతాయో అక్కడి విలువను పక్క గళ్ళ నుండి అంచనా వేసే ఆ పద్ధతి కూరాంట్, ఐజాక్సన్, రీస్‌ల ఆలోచనకు దగ్గరి చుట్టం. దానికొక లోపం ఉంది. గొట్టంలోకి వెళ్ళిన గాలి ద్రవ్యరాశికి, బయటకు వచ్చిన దానికి లెక్క సరిగ్గా సరిపోయేది కాదు. ఎంత గాలి పీల్చుకున్నది అన్నదే అసలు ప్రశ్న అయిన ఇంజనులో ఇది చిన్న లోపం కాదు. కూరాంట్ సంస్థలోనే ఎదిగిన పీటర్ లాక్స్, బర్టన్ వెండ్రాఫ్‌తో కలిసి 1960లో ప్రచురించిన పద్ధతి వంటివి ద్రవ్యరాశిని, ద్రవ్యవేగాన్ని, శక్తిని పోగొట్టకుండా లెక్కిస్తాయి. తరువాతి కాలపు ఇంజను సాఫ్టువేర్లు ఈ కోవకు మళ్ళాయి. జీటీ-పవర్, ఏవీఎల్ బూస్ట్, రికార్డో సంస్థ రూపొందించిన వేవ్ వంటివి గొట్టాలను ఒకే దిశలో గళ్ళుగా విభజించి లెక్కించే రకానికి చెందినవి.

పద్ధతి ఏదైనా ముందడుగు పద్ధతి అయినంత వరకు కూరాంట్ షరతు తప్పదు. గాలి గొట్టంలో గడి పొడవు 2 సెంటీమీటర్లు, శబ్ద వేగం సెకనుకు 350 మీటర్లు, ప్రవాహ వేగం 100 మీటర్లు అనుకుంటే, అల వేగం 450 మీటర్లు. కాలపు అడుగు 44 మైక్రోసెకన్లకు మించరాదు. అంటే 6000 చుట్ల వద్ద క్రాంకు 1.6 డిగ్రీలు. పొగ గొట్టంలో వేడి వల్ల శబ్ద వేగం 600 మీటర్లు, ప్రవాహం 200 మీటర్లు ఉంటే అడుగు 25 మైక్రోసెకన్లకు, 0.9 డిగ్రీకి పడిపోతుంది. అంతటికీ ఒకే అడుగు వాడితే అన్నిటికంటె చిన్నదే చెల్లుతుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగే ఒక చక్రానికి కనీసం 800 అడుగులు వేయాలి. లెక్క నిలకడకు రావడానికి అటువంటి చక్రాలు ఎన్నో కావాలి.

గడిని సగం చేస్తే గళ్ళు రెట్టింపు, అడుగులు కూడా రెట్టింపు, కాబట్టి పని నాలుగింతలు. మూడు దిశలలో గళ్ళు వేసే సిలిండరు లోపలి లెక్కలలో అదే పని పదహారింతలవుతుంది. కొత్తగా నేర్చుకునేవారు చేసే పొరపాటు కూడా ఇక్కడే ఉంది. నమూనాలో ఎక్కడో ఒక మూల 2 మిల్లీమీటర్ల గొట్టపు ముక్కను విడిగా వదిలేస్తే, దాని కోసం మొత్తం ఇంజను పదోవంతు అడుగులతో నడవవలసి వస్తుంది. షరతును అతిక్రమిస్తే అంతకంటె ఘోరం. చిన్న తప్పులు అడుగడుగునా పెరిగి, పీడనం రుణ సంఖ్యగా మారి, లెక్క ఆగిపోతుంది. అప్పుడు కచ్చితత్వం పెరుగుతుందనుకుని కాలపు అడుగును మార్చకుండా గళ్ళను మాత్రమే చిన్నవి చేస్తే సమస్య ఇంకా ముదురుతుంది.

వాల్వు కొద్దిగా తెరుచుకున్నప్పుడు ఏర్పడే సన్నని సందులో గళ్ళు అర మిల్లీమీటరు ఉంటే అడుగు దాదాపు ఒక మైక్రోసెకనుకు దిగుతుంది. ఇటువంటి చోట అన్ని గళ్ళ సమీకరణాలను ఒకేసారి కలిపి సాధించే అంతర్లీన పద్ధతులు వాడతారు. అప్పుడు ప్రతి గడికీ మిగతా గళ్ళన్నిటి వార్త ఒక్క అడుగులోనే తెలుస్తుంది. 1928 నాటి షరతు ఇక్కడ చెల్లకుండా పోలేదు, దానికి కావలసింది దానంతట అదే సమకూరింది. లాస్ అలమోస్‌లో 1980లలో రూపొందిన కివా అనే ఇంజను ప్రోగ్రాము శబ్దానికి సంబంధించిన భాగాన్ని మిగతా ప్రవాహం నుండి వేరుచేసి లెక్కించడం కూడా ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికే. అయితే అడుగు మరీ పెద్దదైతే లెక్క చెడిపోకపోయినా అల నీరుగారిపోతుంది. గొట్టం పొడవును అల రాకపోకలతో సరిచూసే పనికి అటువంటి జవాబు ఎందుకూ కొరగాదు.

విమర్శలు

కూరాంట్ మీద విమర్శలు లేకపోలేదు. ఆయన పుస్తకాలలో సహాయకులు, శిష్యులు రాసిన భాగం చాలా ఉందని, పేరు మాత్రం ఆయనకు దక్కిందని గొట్టింగెన్ రోజుల నుండి మాట ఉంది. వాట్ ఈజ్ మ్యాథమేటిక్స్ విషయంలో ఇది బహిరంగమైంది. యువకుడైన హెర్బర్ట్ రాబిన్స్ ఆ పుస్తకం రచనలో పూర్తిగా పాల్గొన్నాడు. ముఖపత్రం మీద తన పేరు ఉండబోదని తెలిసి అభ్యంతరం చెప్పిన తరువాతనే రెండు పేర్లూ చేరాయి. హక్కులు మాత్రం కూరాంట్ దగ్గరే ఉండిపోయాయి. ఈ చేదు రాబిన్స్‌ను చివరి దాకా వదలలేదు. మరోవైపు, దేశం విడిచి వచ్చిన ఎందరో గణితవేత్తలకు ఉద్యోగాలు చూపించడానికి కూరాంట్ పడిన శ్రమను ఆయన విరోధులు కూడా కాదనలేదు. ఇతరుల పనిని పోగుచేసి ఒక రూపానికి తేవడమే ఆయన అసలు ప్రతిభ. అదే ఆయన మీద ఫిర్యాదు కూడా.

చివరి సంవత్సరాలు

కూరాంట్ 1958లో సంస్థ నిర్వహణ నుండి విరమించాడు. 1964లో సంస్థకు ఆయన పేరు పెట్టారు. మద్రాసులో పుట్టిన ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్ 1963లో ఇక్కడ చేరి, ఇక్కడి పరిశోధనలకే 2007లో ఆబెల్ బహుమతి పొందాడు. లాక్స్‌కు అదే బహుమతి 2005లో లభించింది. కూరాంట్ నలుగురు పిల్లలలో పెద్దవాడు ఎర్నెస్ట్ కూరాంట్ కణ త్వరణ యంత్రాల శాస్త్రంలో పేరు పొందాడు. కుమార్తెలలో గెర్ట్రూడ్ గణితవేత్త యూర్గెన్ మోజర్‌ను పెళ్ళాడింది, లియొనోర్ తరువాతి కాలంలో లాక్స్ భార్య అయింది.

1928 నాటి జర్మన్ వ్యాసానికి ఆంగ్లానువాదం 1967 మార్చిలో ఐబీఎం సంస్థ పరిశోధన పత్రికలో వెలువడింది. ఒక కంప్యూటరు సంస్థ నలభై ఏళ్ళ నాటి శుద్ధ గణిత వ్యాసాన్ని అనువదింపజేసి ప్రచురించడం అరుదైన సంగతి. వ్యాసకర్తలు ముగ్గురూ అప్పటికి జీవించే ఉన్నారు. కూరాంట్ 1972 జనవరి 27న న్యూయార్కు సమీపంలోని న్యూ రోషెల్‌లో మరణించాడు. ఫ్రీడ్రిక్స్ 1982 చివరి రోజులలోను, లేవీ 1988లోను మరణించారు.